సున్నాకు ముందున్న చోటు

గోపాలం జీవితంలో ఒక్క థీసిస్ కూడా చదవలేదు. కాని భిలాయి సుపేలా మార్కెట్‌లో సునీల్ జిరాక్స్ షాపులో, ఫ్యాను గాలి తగలని మూల కుర్చీలో కూర్చుని ఆయన దిద్ది పంపిన థీసిస్‌లు వందకు తక్కువ ఉండవు. వృక్షశాస్త్రమైనా, వాణిజ్యశాస్త్రమైనా, జానపద నృత్యమైనా ఆయన పెట్టే పరీక్ష ఒక్కటే. ఎడమ పక్క అంగుళమున్నర, మిగిలిన మూడు పక్కలా అంగుళం. పేజీని కంటికి సమంగా ఎత్తి, ఒక కన్ను మూసి, అంచు వెంబడి చూసేవాడు. ఆ చూపుకు అక్షరాలు ఆనేవి కావు. అక్షరాలు నిలబడిన వరుస ఆనేది.

ఆ చూపు ఆయనకు ఉక్కు ప్లాంటు ఇచ్చింది. శ్రీకాకుళం జిల్లా నుంచి ఐటిఐ సర్టిఫికెట్టు పట్టుకుని భిలాయి వచ్చినవాడు, ముప్ఫై ఆరేళ్ళు రైలు పట్టాల మిల్లులో ఇన్‌స్పెక్షన్ చేశాడు. చల్లారిన పట్టా మీద తిన్నటి ఉక్కు బద్ద ఆనించి చూడాలి. బద్దకూ పట్టాకూ మధ్య వెలుతురు కనబడిందా, పట్టా వంకర. కనబడలేదా, పట్టా పాసు. ఆ పట్టా ఏ ఊరు వెళుతుందో, దాని మీద ఎవరు ప్రయాణం చేస్తారో ఆయన ఎన్నడూ అడగలేదు. పెళ్ళిచూపుల్లో కూడా తనను చూడకుండా తన వెనక గోడ మీద పటం వంకరగా ఉందని చూశాడని భార్య సింహాచలమ్మ ఇప్పటికీ అంటుంది. ఆయన కాదనలేదు. పటం వంకరగానే ఉంది మరి.

రిటైరయ్యాక ఒకరోజు పెన్షన్ కాగితాల జిరాక్స్ కోసం సునీల్ షాపుకు వెళ్ళాడు. కాపీ ఒక పక్కకు ఒరిగి వచ్చింది. "చల్తా హై అంకుల్," అన్నాడు సునీల్. అది అలా చల్తా కాదని గోపాలం నిలబడి నాలుగుసార్లు తీయించాడు. మర్నాడు ఆ దారిన వెళుతూ ఇంకొకరి కాపీలు కూడా ఒరుగుతున్నాయేమోనని ఆగాడు. వారం రోజులు ఇలా ఆగేసరికి, నిలబడ్డ మనిషి గిరాకీకి అడ్డమని సునీల్ ఒక కుర్చీ వేశాడు. కుర్చీ తర్వాత కంప్యూటర్ వచ్చింది. ఆరేళ్ళలో పక్క ఊరు దుర్గ్ నుంచి కూడా పరిశోధక విద్యార్థులు "కొలతల అంకుల్" ఎక్కడని అడుగుతూ రావడం మొదలుపెట్టారు.

నరసింగరావు కూతురు ఇంద్రాణి మాత్రం అడగకుండానే వచ్చింది. నరసింగరావు, గోపాలం ఒకే మిల్లులో ఒకే షిఫ్టు చేసినవాళ్ళు. ఇంద్రాణి దుర్గ్‌లో ఒక కాలేజీలో తాత్కాలిక లెక్చరర్. ప్లాంటు పనికి ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన కుటుంబాల్లో ఆడవాళ్ళు పాడుకునే పెళ్ళిపాటల మీద హిందీలో థీసిస్ రాసింది. ఎనిమిదేళ్ళు పట్టింది. పందొమ్మిది మంది చేత పాడించుకుంది. అందులో సింహాచలమ్మ పాటలే పదకొండు.

యూనివర్సిటీ థీసిస్ తీసుకునే ముందు అందులోంచి ఒక వ్యాసం ఏదైనా పరిశోధన పత్రికలో రావాలని నియమం. ఆ పత్రికకు ఇంకో నియమం. ఎవరి పేరైనా ఇంటిపేరు ముందు రాసి, కామా పెట్టి, ఆ తర్వాత అసలు పేరులో మొదటి అక్షరం రాయాలి. పాటలు పాడిన ముసలమ్మలను ఇంటిపేరు అడిగితే, "ఏ ఇంటిది? పుట్టింటిదా, అత్తింటిదా?" అని ఎదురడిగారు. సెక్టార్-5లో ఉండే వరలక్ష్మమ్మ అయితే, "మా ఆయన పోయినాక ఇంటిపేరేటమ్మా, క్వార్టరు నెంబరే," అంది. గోపాలం ఒక పూట ఆలోచించి "వరలక్ష్మమ్మ, వ." అని పెట్టాడు. పత్రిక సంతోషించింది. వ్యాసం అచ్చయింది. ఆర్నెల్ల తర్వాత భోపాల్‌లో ఎవరో పండితుడు తన వ్యాసంలో "ప్రసిద్ధ గాయని వ. వరలక్ష్మమ్మ అభిప్రాయంలో" అని రాశాడట.

ఆ కష్టమంతా దాటాక మిగిలింది మార్జిన్లే. అవి గోపాలం సొంత రాజ్యం. కాబట్టి ఎవరికీ బెంగ లేదు.

యూనివర్సిటీలో పద్ధతేమిటంటే, ముందు బైండింగ్ చేయని విడి కాపీ తీసుకువెళ్ళాలి. అక్కడి గుమాస్తా కొలతలు చూసి స్టాంపు వేస్తాడు. స్టాంపు మీద ఏ తేదీ ఉంటే అదే థీసిస్ సమర్పించిన తేదీ. ఇంద్రాణికి ఆఖరు తేదీ శుక్రవారం. ఇచ్చిన ఆరేళ్ళూ, అడిగి తెచ్చుకున్న రెండేళ్ళూ అయిపోయాయి. శుక్రవారం దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. మళ్ళీ ప్రవేశ పరీక్ష దగ్గర మొదలుపెట్టాలి.

సోమవారం మధ్యాహ్నం ఆమె కాగితాల కట్టతో సహా తిరిగి వచ్చింది.

"మావయ్యా, రిజెక్ట్ చేసేశారు."

"ఏటీ?"

"లెఫ్ట్ మార్జిన్ కమ్ ఉందంట. ఆధా సెంటీమీటర్."

గోపాలం నవ్వాడు. ఆయన చేతిలో మార్జిన్ అర సెంటీమీటరు తగ్గడమంటే, సింహాచలమ్మ పప్పులో ఉప్పుకు బదులు పంచదార వేయడం లాంటిది. ప్లాంటు నుంచి తెచ్చుకున్న ఉక్కు స్కేలు తీసి కొలిచాడు. ముప్ఫై ఎనిమిది మిల్లీమీటర్లు, పైన వెంట్రుకవాసి. అంగుళమున్నర అంటే అంతే. ఇంకో పేజీ కొలిచాడు. ఇరవై పేజీలు కొలిచాడు. నవ్వు ఆగిపోయింది.

"సునీలూ, నీ మిషను కాగితాన్ని కుదించేస్తందేటి?"

"నా మిషన్‌ను ఎందుకు బద్నాం చేస్తారు అంకుల్? మీరే కొలిచారు, మీరే బరాబర్ అన్నారు."

అయినా మిషన్ మీద అనుమానంతో పక్క వీధిలో కొత్త ప్రింటర్ మీద మొత్తం మళ్ళీ తీయించాడు. మళ్ళీ కొలిచాడు. బుధవారం ఇంద్రాణి మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ అదే మాట మోసుకొచ్చింది. ఈసారి ఆమె కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

"పెంచేద్దాం మావయ్యా. ఆధా సెంటీమీటరే కదా. ఏం ఫరక్ పడుతుంది?"

"పడతాది. నియమాల పుస్తకంలో అంగుళమున్నర అని రాసుంది. మనది అంగుళమున్నర ఉంది. పెంచితే తప్పవుతాది."

"తప్పే పాస్ అవుతుంటే?"

"తప్పు పాసవడం నాను ఎక్కడా సూడలేదమ్మా."

"అక్కడ లైన్‌లో అందరూ పెంచుకునే వచ్చారు. ఆ బాటనీ దీదీ చెప్పింది, ఫోర్ పాయింట్ త్రీ పెట్టు, ఆంఖ్ మూసుకుని స్టాంప్ వేసేస్తాడు అని."

"ఆవిడ ఏటైనా సెప్తాది. నా చేతిలోంచి తప్పు కొలత బయటకి ఎల్లదు. శుక్రవారం నానే వస్తాను. అతను ఏటి కొలస్తన్నాడో నా ఎదురుగా కొలమను."

ఇంద్రాణి లేచి కట్టకు దారం చుట్టుకుంది. చిన్నప్పటి నుంచి చూస్తున్న మనిషి. నరసింగరావు మామూలుగా అంటుండేవాడు, "గోపాలానికి దారి చూపించొచ్చు గాని గీత దాటించలేం," అని.

ఇంటికి వెళితే సింహాచలమ్మ గుమ్మంలోనే అందుకుంది.

"ఏటండీ, ఆ గుంట ఎనిమిదేళ్ళు ఇల్లిల్లూ తిరిగి పాటలు పోగుచేసుకుంది. అప్పగింతల పాటయితే నాను మూడుసార్లు పాడినాను, దాని ఫోను సరిగా పట్టలేదని. ఏడుపు పాట మూడుసార్లు ఏడవడం మీకేటి తెలుసు! ఇప్పుడు మీ గీత కోసం అవన్నీ గంగలో కలిపేయాలేటి?"

"గీత నాది కాదే. యూనివర్సిటీది."

"అలగా! అయితే మీకూ దానికీ బాగా కుదిరింది. ఇద్దరికీ మనుషులు కనబడరు."

శుక్రవారం పదిన్నరకు గోపాలం ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో ఉక్కు స్కేలు పెట్టుకుని, రెండు ఆటోలు మారి, ఇంద్రాణితో యూనివర్సిటీకి వెళ్ళాడు. థీసిస్ విభాగంలో గుమాస్తా ముప్ఫై అయిదేళ్ళ మనిషి, మంచి నూనె రాసి దువ్విన తల. పేరు మనోజ్‌కుమార్. వరుసలో వీళ్ళ వెనక ఆరుగురు ఉన్నారు. అందరికీ అదే ఆఖరు తేదీ. మనోజ్‌కుమార్ ఇంద్రాణి కట్టలోంచి ఒక పేజీ లాగి, బల్ల మీద పరిచి, పసుపుపచ్చ ప్లాస్టిక్ స్కేలు దాని మీద పెట్టాడు.

"ఫిర్ సే కమ్ హై, దీదీ."

గోపాలం ముందుకు వంగి ఒక కన్ను మూశాడు. మూసిన క్షణంలోనే వెలుతురు కనబడింది. స్కేలు చివర నిలబడి ఉన్నది సున్నా కాదు. ముందు కాస్త ఖాళీ ప్లాస్టిక్, ఆ తర్వాత సున్నా. పిల్లల స్కేళ్ళన్నీ అలాగే ఉంటాయి. ఈ మనిషి సున్నాను కాగితం అంచుకు ఆనించకుండా, స్కేలు చివరను ఆనిస్తున్నాడు. ఆ ఖాళీ అయిదు మిల్లీమీటర్లు.

"బేటా, జరా వో స్కేల్ దిఖానా," అన్నాడు గోపాలం. హిందీ మాటలకు శ్రీకాకుళం సాగదీత తగిలింది.

మనోజ్‌కుమార్ మొహం విప్పారింది. "తెలుగా అంకుల్? మేం కూడా తెలుగే. పాపా రైల్వే, భిలాయి-3. నాకు సమజ్ అవుతుంది, మాట్లాడడమే థోడా..."

"మంచిది బాబూ. ఈ స్కేలుకి కాలిబ్రేషను ఎప్పుడయింది?"

"క్యా?"

"కొలిసే పనిముట్టుని ఏడాదికోసారి కొలవాల. కొలిసినట్టు దానికో చీటీ ఉండాల."

"అంకుల్, ఇది మా పాప జామెట్రీ బాక్స్‌ది."

గోపాలం జేబులోంచి ఉక్కు స్కేలు తీసి పక్కన పెట్టాడు. సున్నా ఎక్కడుందో, అంచు ఎక్కడుందో, మధ్యలో ఏముందో ముప్ఫై ఆరేళ్ళు కుర్ర ఇన్‌స్పెక్టర్లకు చెప్పినట్టే నెమ్మదిగా చెప్పాడు. మనోజ్‌కుమార్ వంగి చూశాడు. లేచి చూశాడు. స్కేలు తిప్పి చూశాడు. అతను మూర్ఖుడు కాదు. అదే అసలు చిక్కయింది.

"సహీ హై అంకుల్," అన్నాడు చివరికి. "నాలుగేళ్ళు గలత్ కొలిచాను."

గోపాలం గుండె నిండింది. ఇంద్రాణి ఊపిరి వదిలింది. మనోజ్‌కుమార్ సున్నాను అంచుకు సరిగా ఆనించి, వెనక నిలబడ్డ బాటనీ ఆవిడ కట్ట లాగి ఒక పేజీ కొలిచాడు. మొహం పాలిపోయింది.

"మీది జ్యాదా హై, మేడమ్. ఆధా సెంటీమీటర్."

"జ్యాదా ఏమిటి! మీరే కదా పోయినసారి పెంచుకు రమ్మన్నారు!" అందావిడ హిందీలో.

ఆరుగురి కట్టలూ కొలిచాడు. ఆరూ ఎక్కువే. గుమాస్తా స్కేలును బట్టి అందరూ బుద్ధిగా పెంచుకుని వచ్చారు. నియమాల పుస్తకంలో తక్కువ ఎంత తప్పో ఎక్కువా అంతే తప్పు. మనోజ్‌కుమార్ కుర్చీలో వెనక్కి వాలి, వేళ్ళు మడుస్తూ లెక్క చెప్పాడు.

"దేఖియే అంకుల్. సున్నా నుంచి కొలిస్తే ఈ దీదీ పాస్, ఆ ఆరుగురు ఫెయిల్. చివర నుంచి కొలిస్తే ఆ ఆరుగురు పాస్, దీదీ ఫెయిల్. ఒకే రోజు రెండు తరీకాల్లో కొలిస్తే నేనే ఫెయిల్. మా ఆఫీసర్ సార్ సోమవారం వస్తారు. ఏ తరీకానో ఆయన రాసి ఇస్తారు. అప్పటిదాకా స్టాంప్ బంద్."

అని స్టాంపును సొరుగులో పెట్టి సొరుగు మూశాడు.

ఒక్కసారి ఆరుగురూ గోపాలం వైపు తిరిగారు. అప్పటిదాకా ఆ గదిలో ఒక్కరికే నష్టం. సత్యం బయటపడ్డాక ఏడుగురికి.

"ఎవరండీ ఈ అంకుల్? ఏ యూనివర్సిటీ నుంచి వచ్చారు?" అన్నాడు ఒకాయన.

"యూనివర్సిటీ కాదు, జిరాక్స్ షాపు నుంచి," అంది బాటనీ ఆవిడ. "నా థీసిస్ కూడా ఈయనే చేశారు. అందుకే రెండుసార్లు వెనక్కి వచ్చింది. ఇక్కడ ఎదురు షాపులో పెంచుకున్నాక గాని దారిలో పడలేదు."

గోపాలం ఆవిడ వైపు చూశాడు. తన చేతి థీసిస్‌లు వెనక్కి వచ్చి, ఎదురు షాపులో మారి, ఆ తర్వాత పాసయ్యాయన్న సంగతి ఇన్నేళ్ళలో ఆయనకు ఎవరూ చెప్పలేదు. వంద థీసిస్‌లు. అందులో ఎన్ని ఇలా? అడగబుద్ధి కాలేదు.

"బాబూ, ఒక మాట," అన్నాడు. "స్కేలు మీద చీటీ అంటిద్దాం. చూసిన కొలతకి అయిదు మిల్లీమీటర్లు కలపాల అని. ప్లాంటులో అలగే చేస్తాం. ఎవరిదేదో తేలిపోతాది."

"కలపడం నా పవర్‌లో లేదు అంకుల్. కొలవడమే ఉంది."

"పోనీ పాత పద్ధతిలోనే కానియ్యి. నాను ఏటీ అనలేదనుకో."

"అలా ఎలా? అందరి సామ్నే గలత్ అన్నారు. రేపు ఎవరైనా అడిగితే? గలత్ అన్న మనిషే సహీ అని కాగితం మీద రాసి ఇవ్వాలి."

గోడ గడియారంలో పన్నెండూ ఇరవై. ఇంద్రాణి బెంచీ మీద కూర్చుంది. కట్ట ఒళ్ళో ఉంది. ఆమె ఈసారి బతిమాలడం లేదు, ఆయన వైపు చూడడం కూడా లేదు. కట్ట పైపేజీ మూల మడత పడితే బొటనవేలితో సాపు చేస్తోంది. సాపయినా చేస్తూనే ఉంది.

గోపాలం ఒక తెల్లకాగితం అడిగి తీసుకున్నాడు. రాయడానికి ఎక్కువసేపు పట్టలేదు. మిల్లులో ఇలాంటివి వేలు రాశాడు. "పై కార్యాలయంలో వాడుకలో ఉన్న పసుపు రంగు ప్లాస్టిక్ స్కేలును తనిఖీ చేయడమైనది. దానిని చివర నుంచి ఆనించి కొలిచినను కొలత సరిగానే వచ్చునని ధ్రువీకరించడమైనది." హిందీలో రాసి, కింద సంతకం, దాని కింద "రిటైర్డ్ సీనియర్ ఇన్‌స్పెక్టర్, రైల్ మిల్" అని పెట్టాడు. ఆ హోదాను అబద్ధానికి వాడడం అదే మొదలు. చెయ్యి వణకలేదు. వణికి ఉంటే కాస్త గౌరవంగా ఉండేదని ఆయనకు అనిపించింది.

మనోజ్‌కుమార్ రెండుసార్లు చదువుకున్నాడు. పాతికేళ్ళ సర్వీసున్నవాడిలా తృప్తిగా తల ఊపాడు. తర్వాత అలవాటు కొద్దీ పసుపు స్కేలు ఆ కాగితం ఎడమ అంచున పెట్టాడు.

"మార్జిన్ థోడా కమ్ హై, అంకుల్," అని నవ్వి, ఫైల్లో పెట్టేశాడు.

సొరుగు తెరుచుకుంది. ఆరు స్టాంపులు పడ్డాయి. ధ్రువపత్రం పొందిన స్కేలు ప్రకారం ఇంద్రాణి థీసిస్ ఇంకా అర సెంటీమీటరు తక్కువే.

"అయిదింటి దాకా ఉంటాను, దీదీ. ఆరామ్ సే రండి," అన్నాడు మనోజ్‌కుమార్.

ఎదురు షాపులో గోపాలం తనే కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఎడమ మార్జిన్ దగ్గర 3.8 తీసేసి 4.3 అని కొట్టాడు. అంతే, రెండు వందల పద్నాలుగు పేజీలు వరద కాలవలా కదిలాయి. పొడుగు చరణాల తోకలు తెగి కింది వరుసలోకి పడ్డాయి. పట్టికలు సగం ఈ పేజీలో, సగం ఆ పేజీలో నిలిచాయి. పేజీలు రెండు వందల ఇరవై ఒకటయ్యాయి. విషయసూచికలో ఒక్క అంకె నిజం కాలేదు. చరణాలు అతికి, పట్టికలు నెట్టి, సూచిక దిద్దుకుంటూ ఆయన వెనక నుంచి ముందుకు వచ్చాడు. మూడున్నరకు కృతజ్ఞతల పేజీ దగ్గరకు చేరాడు.

ఒక్క పేజీలో సరిపోయిన కృతజ్ఞతలు ఇప్పుడు రెండో పేజీలోకి ఒక్క వరుస ఒలికాయి. పేజీ అంతా తెలుపు, నెత్తిన ఒంటరిగా ఒక వరుస. ఇది ఏ నియమాల పుస్తకమూ ఒప్పుకోదు. వరుసల మధ్య దూరం తగ్గించడానికి లేదు, అక్షరం చిన్నది చేయడానికీ లేదు. ఏదో ఒక వరుస పోవాలి. ఏది పోతుందో తేల్చడానికి ఆయన ఆ పేజీ చదవవలసి వచ్చింది.

గైడు గారికి మూడు వరుసలు. శాఖాధిపతికి రెండు, ఆయన పూర్వ శాఖాధిపతికి ఒకటి. ప్రిన్సిపాల్, లైబ్రేరియన్. తండ్రి నరసింగరావు. పాటలు పాడిన పందొమ్మిది మంది పేర్లు, అందులో సింహాచలమ్మ అత్తయ్య. అంతా హిందీ. ఒలికిపోయిన ఆఖరి వరుస ఒక్కటే తెలుగులో ఉంది. "ఒక్క మిల్లీమీటరు తప్పయినా పోనివ్వని మా గోపాలం మావయ్యకు నమస్కారం."

ఇంద్రాణి గుమ్మం దగ్గర ఫోన్‌లో గైడుతో మాట్లాడుతోంది. "జీ సర్, ఆజ్ హో జాయేగా సర్," అని ఈరోజే అయిపోతుందన్న మాట నాలుగోసారి ఇస్తోంది.

గోపాలం ఆ వరుసను మొదటి నుంచి చివర దాకా ఎంచి, డిలీట్ కీ నొక్కాడు. కృతజ్ఞతలు ఒక్క పేజీలో చక్కగా కూర్చున్నాయి. కింద అంగుళం కచ్చితంగా మిగిలింది.

"అయిందా, మావయ్యా?"

"అయింది. ప్రింట్ ఇచ్చేస్తన్నాను."

నాలుగూ ముప్ఫై అయిదుకు స్టాంపు పడింది. మనోజ్‌కుమార్ రసీదు రాసిచ్చి, మీ సర్టిఫికెట్టుకు ఫోటో ఫ్రేమ్ కట్టిస్తాను అంకుల్ అన్నాడు. అతను వేళాకోళమాడడం లేదు.

తిరుగు ఆటోలో ఇంద్రాణి స్టాంపు పడిన పేజీని చూసుకుంది, తర్వాతి పేజీని చూసుకుంది, ఆ తర్వాతి పేజీ మీద ఆగింది. ముందుకు తిప్పింది, వెనక్కి తిప్పింది.

"మావయ్యా, ఇక్కడ ఒక లైన్ ఉండాలి."

"ఏ లైనమ్మా?"

"లాస్ట్‌లో. తెలుగులో రాశాను."

"నాకు కనబళ్ళేదే."

ఆమె ఆయన మొహంలోకి చూసింది. ఆయన కాస్త వంకరగా బిగించి ఉన్న ఆటో అద్దం వైపు చూస్తున్నాడు.

"బైండింగ్‌కి ముందు మళ్ళీ పెట్టేస్తాను," అంది.

"వద్దు. స్టాంపు పడిపోనాది. ఇప్పుడు ఒక్క వరుస పెడితే పేజీలన్నీ కదిలిపోతాయి."